నాన్నగారు పదిరోజులు ఉంటారు, మోకాళ్ళ నొప్పి, హైదరాబాదులో ఏ మ్యూజియం చూపించమంటారు?

నిజాంపేట_నివాసి (మంగళవారం రాత్రి)

అందరికీ నమస్కారం. మా నాన్నగారు ఎల్లుండి పాలకొల్లు నుంచి వస్తున్నారు, అమ్మ పోయాక మా ఇంటికి రావడం ఇదే మొదటిసారి. 72 ఏళ్ళు, తెలుగు మాస్టారుగా చేసి రిటైరయ్యారు. ఎప్పుడొచ్చినా పొద్దున్న కింద పార్కు, మధ్యాహ్నం టీవీ, నాలుగో రోజుకి "టికెట్ తియ్యరా" అనడం, పదిహేనేళ్ళుగా ఇదే వరస, నేను కూడా ఆఫీసు ఆఫీసు అంటూ ఎక్కడికీ తిప్పలేదు, అది మనసులో ఉండిపోయింది. ఈసారి శుక్రవారం లీవు పెట్టి, శని ఆది కలుపుకుని మ్యూజియంలూ, ఏవైనా నాటకాలూ చూపిద్దామని ఉంది. మోకాళ్ళు బాగా నొప్పి, మెట్లు ఎక్కలేరు, గంట కంటే ఎక్కువ నడవలేరు. మా పాపకి తొమ్మిదేళ్ళు, అది కూడా వస్తుంది. అనుభవం ఉన్నవాళ్ళు చెప్పండి ప్లీజ్.

పాతబస్తీ_పోరడు

అన్నా ముందుగాల ఆ శుక్రవారం లీవు క్యాన్సిల్ చేస్కో. సాలార్‌జంగ్ శుక్రవారం బంద్, చౌమహల్లా బంద్, పబ్లిక్ గార్డెన్స్ల స్టేట్ మ్యూజియం గుడ బంద్. బయటి ఊర్ల నుంచి వచ్చినోళ్ళు గేటు కాడిదాంక పోయి వాపస్ వస్తరు, నేను ప్రతి వారం చూస్త. ఆదివారం పోకు, స్కూల్ పిల్లలు, టూరిస్ట్ బస్సులు, నిలబడనీకి జాగ ఉండది. గురువారమో శనివారమో పొద్దుగాల పో. ఇంకోటి, కార్ తీస్కపోకు, పార్కింగ్ పరేషాన్. నువ్వుండేది నిజాంపేట గదా, జేఎన్‌టీయూ కాడ మెట్రో ఎక్కితే సీదా ఎంజీబీఎస్‌ల దిగుడే, మారుడు గూడ లేదు, ఆడికెంచి ఆటో.

మూసీ_ఒడ్డున

పైన తమ్ముడు చెప్పింది నూటికి నూరుపాళ్ళు కరెక్ట్. నేను సాలార్‌జంగ్‌కి ఒక ఇరవై సార్లు వెళ్ళి ఉంటాను, చిన్నప్పుడు మా నాన్నతో, తర్వాత మా పిల్లలతో, ఇప్పుడు ఒక్కదాన్నే కూడా వెళ్తాను. నా మాట ఒక్కటి వినండి, అన్నీ చూపించాలని పెట్టుకోకండి. నలభైకి దగ్గరగా గ్యాలరీలు ఉన్నాయి, మంచి మోకాళ్ళున్నవాళ్ళే రెండు గంటలకి కూలబడిపోతారు, ఆ తర్వాత ఏం చూసినా బుర్రకెక్కదు. మూడు వస్తువులు అనుకుని వెళ్ళండి. గడియారం, ముసుగు రెబెక్కా పాలరాతి బొమ్మ, రెండు ముఖాల చెక్కబొమ్మ. గేటు దగ్గర వీల్‌చైర్ అడగండి, మా నాన్నకి ఇచ్చారు, పెద్దాయన మొహమాటపడితే "పాప తోస్తుందిలే" అనండి, కూర్చుంటారు.

ఇంకో సంగతి, వెళ్ళే ముందు పాపకి ఆ మనిషి కథ చెప్పండి. మ్యూజియం కట్టినాయన అనుకుంటారు అందరూ, కాదు. మూడో సాలార్‌జంగ్ మీర్ యూసుఫ్ అలీఖాన్ 1889లో పుట్టాడు, 23 ఏళ్ళకే నిజాం దగ్గర దివాన్ అయ్యాడు, రెండేళ్ళకే వదిలేశాడు, ఆ తర్వాత బతికినంతకాలం కొనడమే పని. పెళ్ళి చేసుకోలేదు. 1949లో పోయేనాటికి దివాన్ దేవిడీ నిండా సామానే, వారసులు లేరు. ఆ ఇంట్లోనే 1951 డిసెంబర్ 16న నెహ్రూగారు మ్యూజియంగా ప్రారంభించారు, ఇప్పుడున్న బిల్డింగ్‌లోకి మారింది 1968లో. ఇవి చాలామటుకు ఒక్క మనిషి ఇష్టంతో కొనుక్కున్నవే అని తెలిసి లోపలికి వెళ్తే చూపు వేరేగా ఉంటుంది, నిజంగా.

చిన్నవే_మేలు

నేను ఒప్పుకోను అండీ. మోకాళ్ళ నొప్పి ఉన్న పెద్దాయనకి మొదటి రోజే సాలార్‌జంగ్ ఎందుకు? అంతా అదే చెప్తారు, అంతా అక్కడికే పోతారు. పబ్లిక్ గార్డెన్స్‌లో స్టేట్ మ్యూజియం చూడండి, అసెంబ్లీ స్టేషన్‌లో దిగితే దగ్గరే, జనం ఉండరు, తోటలో చెట్ల కింద కూర్చోవచ్చు. ఈజిప్టు మమ్మీ ఉంది అక్కడ! ఒక ఫారో, అంటే ఈజిప్టు రాజు, కూతురు నైషు అని చెప్తారు, రెండు వేల ఏళ్ళ పైమాటే. ఆరో నిజాం అల్లుడు నజీర్ నవాజ్ జంగ్ వెయ్యి పౌండ్లకి కొని ఏడో నిజాంకి ఇస్తే ఆయన మ్యూజియంకి ఇచ్చేశారు. ఇప్పుడు ఆక్సిజన్ తగలకుండా నైట్రోజన్ నింపిన గాజు పెట్టెలో పెట్టారు. దక్షిణాదిలో ఇంకెక్కడ చూస్తారు చెప్పండి? అజంతా చిత్రాల నకళ్ళు కూడా ఉన్నాయి, వాటి ముందు నేను గంటలు గంటలు కూర్చున్నాను.

బౌద్ధం మీద మాస్టారికి ఆసక్తి ఉంటే ఇంకా మంచిది. సూర్యాపేట జిల్లా ఫణిగిరిలో దొరికిన శిల్పాలు 2023లో న్యూయార్క్ మెట్ మ్యూజియం దాకా వెళ్ళొచ్చాయి. అక్కడ తెల్లవాళ్ళు లైన్లో నిలబడి చూశారు, మన జిల్లా పేరు మన పిల్లలకి తెలీదు, నాకు అది చాలా బాధ.

ఇద్దరు_పిల్లల_తల్లి

మమ్మీ విషయంలో ఒక మాట. మా చిన్నోడు ఏడేళ్ళప్పుడు చూసి రెండు రాత్రులు నన్ను పట్టుకునే పడుకున్నాడు. తొమ్మిదేళ్ళంటే పర్లేదేమో కానీ ముందే చెప్పి తీసుకెళ్ళండి. పాపకి రాక్షసబల్లులు ఇష్టమైతే నౌబత్ పహాడ్ మీద బిర్లా సైన్స్ మ్యూజియం ఉంది, అక్కడ కోటసారస్ ఎముకల గూడు ఉంది, నకలు కాదు నిజం ఎముకలే, మన గోదావరి లోయలో యామన్‌పల్లి దగ్గర తవ్వి తీసినవి, ఒక జంతువువి కాదట, పన్నెండింటివి దొరికితే కలిపి ఒకటిగా నిలబెట్టారు. మా పెద్దోడు అక్కడ నిలబడి "అమ్మా ఇది మన ఊరి డైనోసారా" అని అడిగాడు, అప్పట్నుంచి వాడికి అదే లోకం. కాకపోతే కొండ మీద కాబట్టి తాతగారి కోసం ఆటో పైదాకా మాట్లాడుకోండి.

అట్లాంటా_అమ్మాయి

ఇంత దూరం నుంచి ఇది చదువుతుంటే కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. రెబెక్కా గురించి ఒక విషయం చెప్పనా. నేను ఇక్కడికి వచ్చిన మొదటి ఏడాది, ఉద్యోగం లేదు, మా ఆయన ఆఫీసుకి పోతే ఒక్కదాన్నే, ఒకరోజు ఇక్కడి హై మ్యూజియంకి వెళ్ళాను. ఒక గదిలోకి తిరగ్గానే ఎదురుగా రెబెక్కా! అదే ముసుగు, అదే వంచిన తల. హైదరాబాద్ నుంచి ఎత్తుకొచ్చారా అనుకున్నాను ఒక్క క్షణం. తర్వాత తెలిసింది, బెంజోని అనే ఇటలీ శిల్పి ఇదే బొమ్మని ఒకటి కంటే ఎక్కువసార్లు చెక్కాడని. మన దాన్ని మొదటి సాలార్‌జంగ్, అంటే మూడో ఆయన తాత, 1876లో రోమ్ వెళ్ళినప్పుడు కొన్నాడు. పాలరాయి అంతా ఒకటే రాయి, అయినా ముసుగు కింద ముక్కు, పెదవి కనిపిస్తున్నట్టే ఉంటుంది. ఆ రోజు అక్కడే బెంచీ మీద కూర్చుండిపోయాను, మా స్కూల్ పిక్నిక్, టీచర్ "ముట్టుకోవద్దు" అని అరవడం, పులిహోర డబ్బా, అన్నీ గుర్తొచ్చాయి. మీ పాపని దాని ముందు ఒక పది నిమిషాలు ఊరికే నిలబడనివ్వండి, తొందరపెట్టకండి.

మూసీ_ఒడ్డున

@అట్లాంటా_అమ్మాయి ఎంత బాగా చెప్పావమ్మా. నాకు ఇన్నేళ్ళూ తెలీదు ఇది, ఇంకోటి ఉందని.

రాజు_గారి_మనవడు

నిజాం నగలు ఎక్కడుంటాయి అండి? మా తాతయ్య కోడిగుడ్డంత వజ్రం అని చెప్పేవారు, సాలార్‌జంగ్‌లో అడిగితే లేవన్నారు.

పాతబస్తీ_పోరడు

భయ్యా అవి ఈడ లేవు, ముంబైల రిజర్వ్ బ్యాంక్ లాకర్ల ఉన్నయ్. 1995ల సర్కారు 218 కోట్లు పెట్టి కొన్నది, మొత్తం 173 నగలు. అండ్ల జాకబ్ వజ్రం ఒక్కటే 184.75 క్యారెట్లు, ఏడో నిజాం దాన్ని కాయితాల మీద బరువుకు పెట్టుకుంటుండె. 2001ల సాలార్‌జంగ్‌ల ప్రదర్శన పెట్టిండ్రు, మా అమ్మ నన్ను సంకన వేస్కొని లైన్ల నిలబడ్డదంట, నాకేం యాదికి లేదు. అమ్మ ఇప్పటికీ చెప్తది, ఆ లైను ఎండల ఎంత పొడుగుండెనో, లోపట అంత చల్లగ, అంత చప్పుడు లేకుంట ఉండెనంట. అవి ఈడికి రావాలె. నిజాం నగలు అన్న పేరు మనది, చూసుడు మాత్రం మనకు లేకపాయె, గిది న్యాయం గాదు.

లెక్కల_మేడం

రావాలి సరే, కానీ వాటికి తగ్గ కాపలా ఉండాలి కదండీ. 2018లో పురానీ హవేలీ నిజాం మ్యూజియంలో బంగారు టిఫిన్ డబ్బా, కప్పు సాసరు పోయాయి, దొంగలు వెంటిలేటర్ లోంచి దిగారు. దొరికాయి కాబట్టి సరిపోయింది. ఇప్పటికి ముంబైలో ఉన్నా, కనీసం రెండేళ్ళకోసారి ఒక నెల ఇక్కడ పెట్టాలని నా కోరిక.

పురానీ హవేలీ ప్రస్తావన వచ్చింది కాబట్టి చెప్తున్నా, ఆరో నిజాం మహబూబ్ అలీ పాషా బట్టల బీరువా ఉందక్కడ, బీరువా అంటే మన ఇంట్లోదిలా కాదు, ఒక హాలు పొడుగునా బర్మా టేకు అల్మారాలు, రెండు అంతస్తులు. మా అత్తగారు చూసి "ఇన్ని చీరలు పెట్టుకోవచ్చు" అని లెక్క వేస్తూ అటు చివరిదాకా నడిచారు, ఆవిడ అంత ఇష్టంగా నడవడం నేను చూడలేదు.

తెలుగు_అక్షరం

ఇక్కడ నా గోడు ఒకటి. పేరు చెప్పను గానీ పోయిన ఏడాది మా అమ్మని ఒక మ్యూజియంకి తీసుకెళ్ళా. అమ్మ ఏడో తరగతి చదివింది, తెలుగు పేపర్ మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చదువుతుంది. అక్కడ గంటసేపు తిరిగితే తెలుగులో రాసింది "చెప్పులు ఇక్కడ విడువరాదు", "ముట్టుకొనరాదు", అంతే. వస్తువు పేరు, ఏ కాలం, ఎక్కడిది, ఏమీ తెలుగులో లేవు. చాలా లేబుళ్ళు వెలిసిపోయి ఉన్నాయి, లైటు గాజు మీద పడి ఇంగ్లీషు కూడా చదవలేం. అమ్మ ప్రతి పెట్టె దగ్గరా "ఇదేంటిరా" అని అడుగుతూ వచ్చింది, ఒక పావుగంట తర్వాత అడగడం మానేసింది. ఆ మానేయడం నాకు ఇంకా గుచ్చుకుంటూనే ఉంది. మన ఊళ్ళో, మన డబ్బుతో నడిచే చోట, మన అమ్మలకి అర్థమయ్యేలా రెండు లైన్లు రాయడానికి ఏమవుతుంది?

చిన్నవే_మేలు

మీరన్నది అక్షరాలా నిజం. నేను వెళ్ళినప్పుడల్లా సూచనల పుస్తకంలో ఇదే రాస్తాను. అందరం రాద్దాం, ఒకరు రాస్తే మూల పడుతుంది, వందమంది రాస్తే ఎవరో ఒకరు చదవాల్సిందే.

పద్యప్రియ

ఆలస్యంగా చూశాను ఈ చర్చ. నిజాంపేట గారూ, మీ నాన్నగారు పాలకొల్లు తెలుగు మాస్టారు అంటున్నారు, మరి అందరూ రాళ్ళూ రత్నాలూ చెప్తున్నారే గానీ సురభి నాటకాల సంగతి ఎవరూ ఎత్తరేం! గోదావరి జిల్లాల్లో ఆ వయసువాళ్ళకి సురభి తెలియకుండా ఉండదు, ఊరూరా డేరా వేసి నెలల తరబడి ఆడేవారు. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో కీచకవధతో మొదలుపెట్టారు, వనారస గోవిందరావు గారు. ఒక కుటుంబం పెరిగి పెరిగి ఎన్నో సమాజాలు అయింది. ఆడవేషాలు ఆడవాళ్ళే వేయడం ఆ రోజుల్లోనే వాళ్ళు మొదలెట్టారు. ఇప్పుడు మన లింగంపల్లి దగ్గరే సురభి కాలనీ, మీకు పక్కనే!

రవీంద్రభారతిలో గానీ పబ్లిక్ గార్డెన్స్‌లో గానీ అప్పుడప్పుడు ఆడతారు. రవీంద్రభారతి అంటే 1961లో టాగోర్ శతజయంతికి కట్టింది, ఆ హాల్లో పద్యం వింటే వేరు. మాయాబజార్ దొరికితే అస్సలు వదలకండి. కంప్యూటర్లు గ్రాఫిక్సులు ఏమీ లేవు, తాళ్ళు, కప్పీలు, తెరలు, వెనకాల మనుషులు. నారదుడు మబ్బుల్లోంచి దిగుతాడు, బాణాలు రెండు వైపుల నుంచీ వచ్చి గాల్లో ఢీకొంటాయి, నిప్పురవ్వలు లేస్తాయి. ముందు వరుసల్లో కూర్చోండి, హార్మోనియం ఆయన వేళ్ళు కనిపించాలి.

కుండలు_బొమ్మలు

శిల్పారామం ఎవరూ అనలేదు? చాలా ఏళ్ళుగా ఉంది, సంక్రాంతికి అద్భుతం, కుండలు చేసేవాళ్ళు, కొండపల్లి బొమ్మలు. నడక ఎక్కువ మాత్రం.

లామకాన్_చాయ్

బంజారాహిల్స్ లామకాన్ కూడా రాసుకోండి, పాత ఇల్లు, రాతి గోడలు, చెట్టు కింద స్టేజి, 2010 నుంచి నడుస్తోంది, నాటకాలు, పాటలు, కవిత్వం, చాలావాటికి టికెట్ ఉండదు. ఉస్మానియా బిస్కెట్ చాయ్‌లో ముంచుకుంటూ పెద్దవాళ్ళు కూడా హాయిగా కూర్చుంటారు.

నిజాంపేట_నివాసి

ఇంతమంది ఇంత ఓపిగ్గా రాస్తారని అనుకోలేదు, అందరికీ దణ్ణాలు. శుక్రవారం లీవు గురువారానికి మార్చుకున్నా. పద్యప్రియ గారి పోస్టు రాత్రి ఫోన్లో నాన్నగారికి చదివి వినిపించా, "సురభి" అనగానే అటువైపు కాసేపు మాట లేదు. తర్వాత చెప్పారు, ఆయన ఎనిమిదో క్లాసులో ఉండగా ఊళ్ళో డేరా వేశారట, పావలా టికెట్‌కి డబ్బుల్లేక మా నానమ్మ కోడిగుడ్లు అమ్మి ఇచ్చిందట. ఇన్నేళ్ళలో ఈ ముక్క నాకు ఎప్పుడూ చెప్పలేదు.

నిజాంపేట_నివాసి (పన్నెండు రోజుల తర్వాత)

రాస్తానని మాటిచ్చాను కదా, కొంచెం పొడుగైంది, ఏమనుకోకండి.

గురువారం సాలార్‌జంగ్ వెళ్ళాం, పాపకి స్కూల్ మాన్పించా. మెట్రోలో కిటికీ పక్కన కూర్చుని నాన్నగారు ప్రతి స్టేషన్ పేరు తెలుగులో పైకి చదివారు. వీల్‌చైర్ వద్దని రెండుసార్లు అన్నారు, పాప తోస్తానంది, కూర్చున్నారు. మూసీ_ఒడ్డున గారు చెప్పినట్టు మూడే చూశాం.

పన్నెండు కొట్టడానికి పావుగంట ముందే గడియారం ముందు చేరాం. పిల్లలు నేల మీద, పెద్దవాళ్ళు బెంచీల మీద, ఒక పెళ్ళిపందిరిలా ఉంది. మూడు నిమిషాలు ఉందనగా చిన్న తలుపు తెరుచుకుని గడ్డం మనిషి బొమ్మ బయటికి వచ్చింది, హాలంతా ఒక్కసారి నిశ్శబ్దం. గంట కొట్టడం మొదలుపెట్టాక అందరూ లెక్కపెడుతున్నారు, నాన్నగారు కూడా పెదవులు కదుపుతూ. పన్నెండు అయ్యాయి, చప్పట్లు, బొమ్మ లోపలికి వెళ్ళిపోయింది, జనం లేచిపోయారు. మేం మాత్రం అక్కడే ఉన్నాం, ఎందుకంటే నాన్నగారు కదల్లేదు. గడియారంలో కుడివైపు ఒక కమ్మరి బొమ్మ ఉంటుంది, సుత్తితో సెకను సెకనుకీ కొడుతూ ఉంటాడు. నాన్నగారు పాపని దగ్గరికి లాక్కుని, "అందరూ ఆ గంట కొట్టేవాడి కోసం వచ్చారమ్మా, వీడు మనం రాకముందు నుంచీ కొడుతున్నాడు, చూడు" అన్నారు. అది ఆ కమ్మరినే చూస్తూ నిలబడిపోయింది.

రెబెక్కా దగ్గర పాప పక్కకి వంగి చూసింది, కింద నుంచి చూసింది, "గుడ్డ కాదా తాతయ్యా" అని నాలుగుసార్లు అడిగింది. దాన్ని మేలిముసుగు అంటారు అని చెప్పారు, అప్పట్నుంచి ఇంట్లో నా తువ్వాలు కూడా మేలిముసుగే. రెండు ముఖాల బొమ్మ, ముందు నుంచి మెఫిస్టోఫిలిస్ అనే దయ్యం, వెనక అద్దంలో మార్గరెట్టా అనే అమ్మాయి, ఒకే చెక్క. అక్కడ అద్దానికీ బొమ్మకీ మధ్య పాప ఎన్నిసార్లు తిరిగిందో. గంటన్నరలో బయటికి వచ్చేశాం, నాన్నగారికి నొప్పి రాలేదు.

ఆ ఆదివారం సురభి నాటకం ఏదీ లేదు. తర్వాతి ఆదివారం మాయాబజార్ ఉందని తెలిసింది, కానీ ఆయన టికెట్ శనివారానికి. నేనేమీ అనలేదు, సంగతి చెప్పి ఊరుకున్నా. రాత్రి భోజనాల దగ్గర "టికెట్ మార్చరా" అన్నారు.

నాటకం సంగతి ఏం రాయను. రెండో వరుసలో కూర్చున్నాం. పద్యం మొదలవగానే ఆయన చెయ్యి మోకాలి మీద తాళం వేస్తోంది, నొప్పున్న మోకాలే అది. రాగం తీస్తున్నప్పుడు పక్కసీటు ముసలాయన "ఒన్స్ మోర్" అంటే మా నాన్న కూడా అన్నారు, ఆయన గొంతు అంత పెద్దదని మా ఇంట్లో ఎవరికీ తెలీదు. బాణాలు ఢీకొన్నప్పుడు పాప నా భుజం గిల్లి వదల్లేదు. అయిపోయాక నాన్నగారు స్టేజి పక్కకి వెళ్ళి, మేకప్ తుడుచుకుంటున్న ఘటోత్కచుడి రెండు చేతులూ పట్టుకుని, "మా అమ్మ గుడ్లమ్మి చూపించిందయ్యా మీ నాటకం" అని చెప్పారు. ఆ కుర్రాడు వంగి కాళ్ళకి దణ్ణం పెట్టాడు.

పద్యప్రియ

మాస్టారికి నా నమస్కారాలు చెప్పండి. ఇది రెండుసార్లు చదివాను.

తెలుగు_అక్షరం

లేబుళ్ళ సంగతి ఎలా ఉంది? నాన్నగారు చదవగలిగారా?

నిజాంపేట_నివాసి

కొన్ని చదివారు అండీ, కొన్ని నేను చదివి చెప్పా. వెళ్ళేటప్పుడు ఆయనే అన్నారు, ఈసారి వచ్చినప్పుడు ఒక నోట్‌బుక్ తెచ్చుకుంటారట, ఏ వస్తువు దగ్గర తెలుగు లేదో రాసుకుని, ఎలా రాస్తే బాగుంటుందో తనే రాసి ఆఫీసులో ఇస్తారట. నలభై ఏళ్ళు కాంపోజిషన్లు దిద్దిన చెయ్యి కదా. ఇప్పుడే రైలెక్కించి వచ్చాను. చిన్నవే_మేలు గారూ, సంక్రాంతి అయ్యాక మీ మమ్మీ దగ్గరికే, పాప ఇప్పట్నుంచే భయపడనని ప్రాక్టీస్ చేస్తోంది.

పాతబస్తీ_పోరడు

అన్నా ఈసారి గుడ శుక్రవారం గాకుంట చూస్కో.